పరాయి ఇంట్లో పది నెలలు

హోటలూ కాదు, హాస్టలూ కాదు.. ముక్కూమొహం తెలియని ఫ్రెంచి కుటుంబంలో ఇంటి పిల్లగా ఉంటూ ఓ ఏడాది చదువు. టీనేజీ ఎక్స్ఛేంజ్ విద్యార్థుల రోజు అక్కడ ఎలా గడుస్తుంది? ఆ ఇల్లు ఎప్పుడు వాళ్లదవుతుంది?

వయసు పదహారు. చేతిలో ఓ బరువైన సూట్‌కేసు. నోట్లో నాలుగంటే నాలుగు ఫ్రెంచి ముక్కలు. రైలు దిగేసరికి ప్లాట్‌ఫాం మీద ఓ అమ్మ, ఓ నాన్న, ఇద్దరు పిల్లలు.. ఫొటోల్లో తప్ప ఎప్పుడూ చూడనివాళ్లు. చెంపకు చెంప ఆనించి పలకరిస్తారు. కారెక్కించుకుని ఇంటికి తీసుకెళ్తారు. గది చూపిస్తారు. ఆ సాయంత్రమో మర్నాడో ఇంటి తాళంచెవి తెచ్చి చేతిలో పెడతారు. ఇక పది నెలలపాటు అదే ఇల్లు, వాళ్లే అమ్మానాన్నలు.

ఏటా ఆగస్టు ఆఖర్లో, బడులు తెరిచే సమయానికి ఫ్రాన్స్‌లోని ఎన్నో ఊళ్లలో కనిపించే దృశ్యమిది. ఏఎఫ్‌ఎస్, రోటరీ లాంటి సంస్థల ద్వారా వెళ్లే విద్యార్థులకు ఆశ్రయమిచ్చే కుటుంబాలు పైసా తీసుకోవు. గదికి అద్దె లేదు, భోజనానికి లెక్క లేదు. మరి ఎందుకు చేస్తారంటే ఒక్కో ఇంటిది ఒక్కో కారణం. కొందరి పిల్లలు తామే అలా వేరే దేశం వెళ్లి ఉంటారు. కొందరి పిల్లలు పెద్దవాళ్లై వెళ్లిపోయాక ఇల్లు బోసిపోయి ఉంటుంది. ఇంకొందరికి తమ పిల్లలు ఇంట్లోనే ప్రపంచాన్ని చూడాలన్న ఆశ. కారణమేదైనా షరతు మాత్రం ఒక్కటే. వచ్చిన పిల్ల చుట్టపుచూపుగా ఉండకూడదు. ఇంట్లో మనిషిగా మెలగాలి.

వినడానికి తేలికే. పదహారేళ్ల పిల్లకు, అదీ భాష రాని చోట, ఇంతకు మించిన పరీక్ష ఉండదు.

అంబులెన్సు డ్రైవర్ల ఆలోచన

పిల్లల్ని పరాయి దేశంలో, పరాయి ఇంట్లో ఉంచే ఏఎఫ్‌ఎస్ మూలాలు ఫ్రాన్స్ యుద్ధభూమిలోనే ఉన్నాయి. మొదటి ప్రపంచయుద్ధం అప్పుడు గాయపడ్డ ఫ్రెంచి సైనికుల్ని ఆసుపత్రులకు చేర్చడానికి అమెరికా యువకులు స్వచ్ఛందంగా వచ్చి అంబులెన్సులు నడిపారు. 1915లో ఎ.పియాట్ ఆండ్రూ వాళ్లలో ఎందరినో ‘అమెరికన్ ఫీల్డ్ సర్వీస్’ పేరుతో ఒక్కతాటిపైకి తెచ్చాడు. ఏఎఫ్‌ఎస్ అంటే అదే. రెండో ప్రపంచయుద్ధంలోనూ ఈ అంబులెన్సులు తిరిగాయి. రెండు యుద్ధాల్లోనూ శవాల్నీ క్షతగాత్రుల్నీ చూసినవాళ్లకు చివరికి తోచింది ఒక్కటే.. ఒక దేశం పిల్లలు ఇంకో దేశంలో ఓ ఇంట్లో అన్నం తిని పెరిగితే, రేపు ఆ ఇంటిమీద తుపాకీ ఎక్కుపెట్టడానికి చేయి రాదు! స్టీఫెన్ గలాటీ నాయకత్వంలో ఆ డ్రైవర్లే విద్యార్థుల మార్పిడికి నడుంకట్టారు. 1947లో పది దేశాల నుంచి 52 మంది పిల్లలు అమెరికా చేరారు. ఆ తర్వాత అది అన్ని దిక్కులకూ పాకింది.

రెన్‌లో ఓ ఇల్లు

ప్యారిస్ నుంచి వేగంగా వెళ్లే టీజీవీ రైల్లో పడమరకు గంటన్నర ప్రయాణిస్తే వచ్చే ఊరు రెన్. బ్రిటనీ ప్రాంతానికి రాజధాని. జనాభా రెండు లక్షల పైచిలుకు. వీధుల పేర్లు చాలాచోట్ల ఫ్రెంచిలోనూ బ్రెటన్ భాషలోనూ కనిపిస్తాయి. పాతబస్తీలో కర్రదూలాల మధ్య మట్టి మెత్తి కట్టిన ఇళ్లు ఓ పక్కకు ఒరిగి, పడతాయా అన్నట్టుంటాయి. వందల ఏళ్లుగా అలాగే ఉన్నాయి మరి! ఇక వాన సంగతి అడగక్కర్లేదు. ‘మా దగ్గర రోజూ ఎండ కాస్తుంది.. రోజుకు నాలుగైదుసార్లు’ అని అక్కడివాళ్లే తమమీద తాము జోకులేసుకుంటారు.

ఇంట్లో అడుగుపెట్టగానే చిన్నచిన్న వింతలు మొదలవుతాయి. స్నానాలగదీ మరుగుదొడ్డీ చాలా ఇళ్లలో వేర్వేరు గదులు. బకెట్టూ చెంబూ ఉండవు, షవరే. అదీ అయిదు నిమిషాల్లో ముగించాలి. వేడినీళ్ల ట్యాంకు ఖాళీ అయితే వెనకొచ్చేవాళ్లకు చన్నీళ్లే గతి. కిటికీలకు బయటివైపు ‘వోలె’ అనే చెక్క తలుపులుంటాయి. చీకటిపడగానే వాటిని మూసేయడం, పొద్దున్నే తెరవడం.. మనింట్లో సంధ్యాదీపం పెట్టడంలా తప్పనిసరి దినచర్య. గదిలోంచి బయటికొస్తూ లైటు ఆర్పకపోతే పెద్దవాళ్ల చూపు పడుతుంది. అక్కడ కరెంటు బిల్లు అంటే అంత పట్టింపు.

ఇక పలకరింపులు. చెంపకు చెంప ఆనించి గాల్లో ముద్దు చప్పుడు చేయడాన్ని ‘లా బీజ్’ అంటారు. రెన్‌లో మామూలుగా రెండు. దేశంలో కొన్నిచోట్ల మూడు, ఇంకొన్నిచోట్ల నాలుగు కూడా! 2020లో కరోనా వచ్చాక ఈ అలవాటు కాస్త తగ్గినా ఇంట్లోవాళ్లూ దగ్గరి స్నేహితుల మధ్య మళ్లీ మామూలైంది. బయటి మనుషులకైతే ‘బోంజూర్’ తప్పదు. బస్సెక్కినా, రొట్టెల దుకాణంలోకి వెళ్లినా ముందు బోంజూర్ అని, ఆ తర్వాతే ఏం కావాలో అడగాలి. అది మరిచిపోయి నేరుగా ‘ఓ రొట్టె ఇవ్వండి’ అంటే దుకాణందారు మొహం మాడిపోతుంది.

ఇక్కడ తెలుగు పిల్లలకు ఓ లాభముంది. ఇంగ్లిషువాళ్లకు అందరూ ‘యూ’నే. ఫ్రెంచిలో ‘తు’ అంటే నువ్వు, ‘వు’ అంటే మీరు. ఎవర్ని ‘నువ్వు’ అనాలో, ఎవర్ని ‘మీరు’ అనాలో మనవాళ్లకు ఉగ్గుపాలతో వచ్చిన విద్యే. చిక్కల్లా ఇంకోచోట వస్తుంది. ఆ ఇంటి అమ్మనీ నాన్ననీ పేరు పెట్టి పిలవాలి, ‘తు’ అనాలి! ఆంటీ, అంకుల్ అనే పిలుపులు అక్కడ పనికిరావు. నలభై అయిదేళ్ల మనిషిని పేరుపెట్టి ‘ఉప్పు అందుకో’ అనడానికి మన పిల్లలకు నెలరోజులు నోరు రాదు.

వెనక్కి నడిచే తరగతులు

పొద్దున్నే బల్లమీద చిప్పలంత పెద్ద కప్పులుంటాయి. వాటిలో వేడివేడి చాక్లెట్ పాలో, పాలు కలిపిన కాఫీయో. రొట్టెను నిలువుగా చీల్చి, వెన్న రాసి, జామ్ పూసి, ఆ కప్పులో ముంచుకు తినడమే ఉదయపు ఫలహారం. బ్రిటనీలో వెన్న అంటే ఉప్పు వెన్నే. ఉప్పులేని వెన్న కొనుక్కొస్తే ఎగాదిగా చూస్తారు.

ఎనిమిదికల్లా బడిలో ఉండాలి. డిసెంబరులో అక్కడ సూర్యుడు లేచేది దాదాపు తొమ్మిదింటికి! అంటే మొదటి పీరియడ్ కిటికీ అవతల చిమ్మచీకటే. సాయంత్రం అయిదూ ఆరింటికి బయటికొచ్చేసరికి మళ్లీ చీకటి. జూన్ వచ్చేసరికి ఇదంతా తలకిందులై రాత్రి పదింటికీ వెలుతురు ఉంటుంది.

మన పిల్లలు ఆరు నుంచి ఏడుకీ, ఏడు నుంచి ఎనిమిదికీ పైకెక్కుతారు. ఫ్రెంచి పిల్లలు అంకెల్లో కిందికి దిగుతారు. పదకొండేళ్లకు ఆరో తరగతి, తర్వాత అయిదు, నాలుగు, మూడు. అక్కడితో ‘కొలేజ్’ అయిపోతుంది. తర్వాత ‘లీసె’లో రెండో తరగతి, ఒకటో తరగతి, చిట్టచివర ‘తెర్మినాల్’. ఎక్స్ఛేంజ్ విద్యార్థులు ఎక్కువగా చేరేది రెండు, ఒకటి తరగతుల్లో. తెర్మినాల్ ఆఖర్లో ‘బాక్’ అనే పరీక్ష ఉంటుంది. 1808లో నెపోలియన్ కాలంలో పెట్టిన ఈ పరీక్షలో తత్వశాస్త్రం పేపరు నాలుగు గంటలు రాయాలి. మామూలుగా ఎక్స్ఛేంజ్ పిల్లలు ఆ పరీక్ష రాయరు. కానీ ఇంట్లో అక్కో అన్నో దానికి సిద్ధమవుతుంటే ఆ వేడి వీళ్లకూ తగులుతుంది.

మార్కులు ఇరవైకి. పది వస్తే గట్టెక్కినట్టు. పద్నాలుగు వస్తే ‘బాగు’, పదహారు వస్తే ‘చాలా బాగు’. ఇరవైకి ఇరవై ఎప్పుడోగానీ పడవు. నూటికి తొంభై అయిదు తెచ్చుకుని అలవాటైన మనవాళ్లకు ఇరవైకి పదకొండు చూడగానే కళ్లనీళ్లు తిరుగుతాయి. పక్కనున్న ఫ్రెంచి పిల్లేమో అవే పదకొండు చూసుకుని ‘పర్లేదు’ అంటూ హాయిగా నవ్వేస్తుంది!

లెక్కల క్లాసు మాత్రం ఊపిరి పోస్తుంది. భాష రాకపోయినా బోర్డుమీది సమీకరణం అర్థమవుతుంది. అయితే అక్కడా చిన్నచిన్న తిరకాసులున్నాయి. దశాంశ బిందువు ఉండాల్సిన చోట కామా పెడతారు. ఏడుకు నడుం దగ్గర అడ్డగీత గీస్తారు. ఒకటి అంకెకు ఎంత పొడుగు తోక పెడతారంటే అది మన ఏడులా కనిపిస్తుంది. నోటితో లెక్కపెట్టడం ఇంకో తమాషా. డెబ్భై అనడానికి ‘అరవై-పది’ అంటారు. ఎనభై అంటే ‘నాలుగు-ఇరవైలు’. తొంభైతొమ్మిది చెప్పాలంటే ‘నాలుగు-ఇరవై-పది-తొమ్మిది’. ఎవరైనా ఫోన్ నంబరు గబగబా చెబితే రాసుకోవడం గగనం.

యూనిఫాం మామూలుగా ఉండదు. అయితే 2004లో చేసిన చట్టం ప్రకారం ప్రభుత్వ పాఠశాలల్లో మతాన్ని కొట్టొచ్చినట్టు చూపే గుర్తులు వేసుకుని రాకూడదు. ఆ నియమం విదేశాల నుంచి వచ్చిన పిల్లలకూ వర్తిస్తుంది.

బుధవారం మధ్యాహ్నం చాలాచోట్ల బడి ఉండదు. ఆటలు, సంగీతం, ఈత అన్నీ అప్పుడే. బడి తరఫున కాక ఊళ్లోని సంఘాల్లో చేరి ఆడటం అక్కడి అలవాటు. స్నేహాలు కూడా తరగతి గదిలో కంటే ఇక్కడే తొందరగా కుదురుతాయి. బంతి ఇటు విసురు అని చెప్పడానికి వ్యాకరణం అక్కర్లేదు కదా!

గుడ్డు, చీజు, రొట్టె.. మరి అన్నం?

తెలుగు అమ్మానాన్నలు మొదట అడిగే ప్రశ్న ‘తిండి ఎలా?’. బడి భోజనశాలలో మధ్యాహ్నం ట్రేలో వరసగా నాలుగైదు రకాలుంటాయి. ముందు తురిమిన క్యారెట్టో బీట్‌రూటో, తర్వాత వేడి వంటకం, ఆపైన చీజు ముక్కో పెరుగో, చివర్లో పండు. రొట్టె కావలసినంత. 2018 నాటి చట్టం పుణ్యమా అని బడి క్యాంటీన్లలో వారానికోసారైనా శాకాహార భోజనం పెట్టాలి. మిగతా రోజుల్లో పక్కవంటలతో సరిపెట్టుకోవాల్సి రావచ్చు.

‘మాంసం తినను’ అని చెబితే సరిపోదు. చేప, హామ్ ముక్కలు మాంసం లెక్కలోకి రావనుకునేవాళ్లూ ఉంటారు. ఏం తింటారో, ఏం తినరో బయలుదేరకముందే దరఖాస్తులో విడమరిచి రాయడం మంచిది. శాకాహారం వండటానికి సిద్ధపడే కుటుంబాన్నే సంస్థలు వెతుకుతాయి.

అయినా బ్రిటనీ వెళ్లిన తెలుగు పిల్లలు అదృష్టవంతులు. వాళ్లక్కడ మరీ దోసెకు మొహంవాచిపోనక్కర్లేదు! శనివారం పొద్దున రెన్‌లోని లీస్ కూడలి సంతకు వెళ్తే తెలుస్తుంది. ఫ్రాన్స్‌లోని పెద్ద సంతల్లో ఇదొకటి. చేపలు, పూలు, ఆపిళ్లు, సముద్రపు గుల్లల మధ్య పెద్ద గుండ్రటి ఇనుప పెనాలు పొగలు కక్కుతుంటాయి. ఆ పెనం పేరు ‘బిలిగ్’. బక్‌వీట్ పిండిని నీళ్లూ ఉప్పూ వేసి జారుగా కలిపి, పెనంమీద పోసి, ‘రోజెల్’ అనే చెక్క పుల్లతో గుండ్రంగా తిప్పుతారు. అంచులు లేస్తాయి. మధ్యలో గుడ్డు కొట్టి, చీజు తురిమి, నాలుగువైపులా మడిచి ఇస్తారు. దాని పేరు గలెత్. తీపి కావాలంటే గోధుమపిండితో చేసిన పలచటి క్రేప్. హోస్ట్ అమ్మ రోజెల్‌ను చేతికిచ్చి ‘నువ్వూ ఒకటి వేయ్’ అంటే, గరిటెతో దోసె తిప్పడం చూస్తూ పెరిగిన పిల్ల ఆ రోజు ఇంటిల్లిపాదినీ ఆశ్చర్యపరుస్తుంది.

మొదటి మూడు నెలల మౌనం

ఇక్కడిదాకా చెప్పుకున్నదంతా సరదా పక్షం. అసలు కష్టం వేరే ఉంది. అది మాట.

ఇంటి దగ్గర గలగలా మాట్లాడే పిల్ల అక్కడ మూగదైపోతుంది. బల్లచుట్టూ అయిదుగురు ఒకేసారి మాట్లాడతారు. ఒక్క పదం పట్టుకునేలోపు పది వాక్యాలు దాటిపోతాయి. అందరూ నవ్వుతారు. ఎందుకో తెలియకుండానే తనూ నవ్వుతుంది. ఏం అడిగినా ‘ఉయ్’ అంటుంది. సాయంత్రానికి తల పగిలిపోతుంటుంది. పిల్లకు తెలివి లేక వచ్చే నొప్పి కాదది. రోజంతా చెవులు రిక్కించి విన్న అలసట.

పైగా మాటలు ఎదురుతిరుగుతుంటాయి. గిన్నె అందిస్తూ ‘ఇంకాస్త వేసుకుంటావా’ అని అడిగితే మర్యాదగా ‘మెర్సీ’ అంటుంది. అక్కడ ఆ సందర్భంలో మెర్సీ అంటే ‘వద్దు, చాలు’ అని! గిన్నె ముందుకెళ్లిపోతుంది, కడుపు మాడుతుంది. ఇంకోరోజు ‘కడుపు నిండింది’ అని చెప్పబోయి ఇంగ్లిషు పద్ధతిలో ‘జ్ సుయ్ ప్లెన్’ అనేస్తే బల్ల చుట్టూ నవ్వులే నవ్వులు. ఆవో కుక్కో చూలుతో ఉందని చెప్పడానికి వాడే మాట అది మరి.

ఆ దశలో ఎవరికైనా కనిపించే సులువైన దారి.. గది తలుపేసుకుని ఫోన్లో అమ్మతో మాట్లాడుకోవడం. వీడియోకాల్ నొక్కితే చాలు, వంటిల్లూ పప్పు తాలింపూ కళ్లముందుంటాయి. ఒకప్పుడు పిల్లలు ఉత్తరం రాసి పదిహేను రోజులు ఎదురుచూసేవారు. ఆ ఎదురుచూపులో దిక్కులేక పక్కగదిలోని ఫ్రెంచి అమ్మ దగ్గరికి వెళ్లేవారు. ఇప్పుడు ఆ అవసరం రాకుండా ఫోన్ అడ్డుపడుతోంది. అందుకే మొదటి నెలల్లో ఇంటికి ఫోన్లు తగ్గించుకోమని సంస్థలు పిల్లలకూ తల్లిదండ్రులకూ కూడా చెబుతాయి. నిజానికి ఈ నియమం పిల్లలకంటే ఇక్కడున్న తల్లులకే కష్టం. కానీ పిల్ల రోజుకు రెండు గంటలు తెలుగింట్లో గడిపితే ఫ్రెంచి ఇంట్లో గడిపేది తక్కువే కదా!

అందరికీ అన్నీ కుదరాలనీ లేదు. కొన్ని ఇళ్లలో పొసగదు. అమ్మను ఇంకొకరితో పంచుకోవాల్సి వచ్చిన హోస్ట్ చెల్లికి అసూయ కలగొచ్చు. భోజనాలు, నిద్రవేళలు, ఖర్చుల దగ్గర మనస్పర్థలు రావచ్చు. అందుకే ఊళ్లో ఓ స్వచ్ఛంద కార్యకర్త ఈ పిల్లల బాగోగులు కనిపెట్టి ఉంటారు. ముందు మాట్లాడి సర్దిచెబుతారు. కుదరకపోతే ఇల్లు మారుస్తారు. అది పిల్ల తప్పూ కాదు, ఆ కుటుంబం తప్పూ కాదు. రోటరీ పద్ధతిలోనైతే ఏడాదిలో ఒకటికంటే ఎక్కువ ఇళ్లలో ఉండటం మామూలే.

అసలు పాఠశాల.. భోజనాల బల్ల

ఏడున్నర, ఎనిమిదింటికి రాత్రి భోజనం. ఇంట్లో ఎవరి పని వాళ్లకు ఉన్నా ఆ వేళకు అందరూ బల్లదగ్గరికి రావాల్సిందే. బల్ల సర్దడం పిల్లల పని. మొదటి మెతుకు పెద్దావిడ తీసుకునేదాకా ఎవరూ ముట్టరు. ‘బొనపెతీ’ అనుకుని మొదలుపెడతారు. చేతులు ఒళ్లో పెట్టుకోకూడదు, మణికట్లు బల్లమీద కనిపించాలి. రొట్టె ముక్కను కంచంలో కాక పక్కన గుడ్డమీదే పెట్టుకుంటారు. దాన్ని బోర్లా పెడితే మాత్రం అరిష్టమంటూ ఎవరో ఒకరు చటుక్కున తిప్పుతారు. పూర్వం తలారికి ఇచ్చే రొట్టెను అలా బోర్లించి పెట్టేవారట! ఆకుకూరల సలాడ్‌ను కత్తితో కోయరు, మడిచి తింటారు. చీజు ముక్క కోసేటప్పుడు మొనను ఒక్కరే కోసేసుకుంటే మొహంమీదే అనకపోయినా మనసులో అనుకుంటారు. ఫ్రెంచివారి విందు భోజన సంప్రదాయాన్ని యునెస్కో 2010లో, బాగెత్ రొట్టె తయారీ విద్యను 2022లో వారసత్వ జాబితాలో చేర్చింది. అంటే తిండి అక్కడ ఎంత పెద్ద విషయమో అర్థంచేసుకోవచ్చు.

ఇంతాచేసి ఆ బల్లమీద వడ్డించే వాటిలో ముఖ్యమైనది మాట. బడిలో టీచరు ఏమన్నాడు, రైల్వే సమ్మె సబబేనా, ఈ చీజు పోయినవారం దానికంటే బాగుందా.. అన్నింటిమీదా చర్చే. గొంతులు లేస్తాయి. చూసేవాళ్లకు పోట్లాడుకుంటున్నారేమో అనిపిస్తుంది. పది నిమిషాల్లో అందరూ పండు ఒలుచుకుంటూ నవ్వుకుంటారు. పెద్దల మాటకు ఎదురుచెప్పకూడదని నేర్చుకున్న పిల్లకు ఇది మింగుడుపడదు. కానీ ‘నువ్వేమంటావ్?’ అని అందరూ తనవైపు తిరిగినప్పుడు మౌనంగా తలదించుకోవడమే అక్కడ అమర్యాద.

నవంబరులోనో డిసెంబరులోనో ఓ రాత్రి ఆ పిల్ల నోట్లోంచి ఓ వాక్యం వస్తుంది. వ్యాకరణం తప్పే. లింగం తప్పే. కానీ అది జోకు. అందరూ నవ్వుతారు, ఈసారి తను వేసిన జోకుకి! ఆ తర్వాత కొన్నాళ్లకు ఇంకో శుభదినం వస్తుంది. గిన్నెలు కడిగే యంత్రంలోంచి గిన్నెలు తీసి సర్దడం మరిచిపోతుంది. ఇంటావిడ వంటింట్లోంచి పేరుపెట్టి గట్టిగా కేకేస్తుంది.. ‘ఈ వారం నీ వంతు కాదూ?’ అని. మొదటి నెలలో ఆవిడే ‘పర్లేదులే’ అంటూ మెత్తగా నవ్వేది. చుట్టాల్ని ఎవరూ తిట్టరు. ఇంట్లోవాళ్లనే తిడతారు. ఆ కేక విన్నప్పుడు పిల్లకు ఏడుపొస్తుంది. రాత్రి పడుకున్నాక ఆలోచిస్తే తెలుస్తుంది, తను ఇంటిపిల్ల అయింది ఆరోజేనని.

చామంతులు తెస్తే..

ఫ్రాన్స్‌లో బడి క్యాలెండరుకు ఓ లయ ఉంది. ఆరేడు వారాలు చదువు, రెండు వారాలు సెలవు. చలికాలం, వసంతకాలం సెలవులకు దేశాన్ని మూడు మండలాలుగా విడగొట్టి ఒక్కోచోట ఒక్కో తేదీ ఇస్తారు. అందరూ ఒకేసారి మంచుకొండలమీద పడకుండా ఈ ఏర్పాటు.

అక్టోబరు చివర్లో పూల దుకాణాలన్నీ రంగురంగుల చామంతి కుండీలతో నిండిపోతాయి. అవి చూసి ముచ్చటపడి ఇంటావిడకు బహుమతిగా తీసుకెళ్తే ఆమె మొహం పాలిపోతుంది. నవంబరు 1న సమాధుల దగ్గర పెట్టే పూలవి! మనకు పూజకూ జడకూ పనికొచ్చే చామంతి అక్కడ పోయినవాళ్లకే.

క్రిస్మస్ పిల్లలకు గట్టి పరీక్ష. ఇల్లంతా బంధువులు, దీపాలు, బహుమతులు.. ఆ సందడిలోనే సొంత ఇల్లు గుర్తొస్తుంది. మూడు వారాలు తిరిగేసరికి సంక్రాంతి, దానికి అక్కడ సెలవు ఉండదు. అయితే ఆ దిగులును పోగొట్టే పండగ జనవరి మొదట్లోనే వస్తుంది. పొరలు పొరలుగా కాల్చిన ఓ గుండ్రటి తీపిరొట్టెలో చిన్న పింగాణీ బొమ్మ దాస్తారు. ఇంట్లో అందరికంటే చిన్నవాళ్లు బల్లకింద దూరి, ఏ ముక్క ఎవరికివ్వాలో చెబుతారు. బొమ్మ ఎవరి ముక్కలో వస్తే వాళ్లకు బంగారు కాగితం కిరీటం. ఫిబ్రవరి 2న క్రేపుల పండగ. ఓ చేత్తో నాణెం పట్టుకుని ఇంకో చేత్తో క్రేపును గాల్లోకి ఎగరేసి పెనంలో పట్టాలి. పడితే ఏడాదంతా డబ్బుకు లోటుండదట. మే 1న తెల్లటి మ్యూగె పూలరెమ్మలు ఇచ్చిపుచ్చుకుంటారు. జూన్ 21న వీధివీధినా పాటలు. 1982 నుంచి జరుగుతున్న సంగీతోత్సవం అది. అప్పటికి తిరుగు ప్రయాణం దగ్గరపడి ఉంటుంది.

ఆదివారాలు అమ్మమ్మగారింట్లో. మధ్యాహ్నం కూర్చుంటే భోజనం మూడు గంటలు సాగుతుంది. సెలవుల్లో సముద్రతీరానికి. సెన్-మాలోలో పోటుకూ ఆటుకూ మధ్య నీటిమట్టం తేడా పన్నెండు మీటర్ల దాకా ఉంటుంది. పొద్దున నడిచివెళ్లిన ఇసుకమీద సాయంత్రానికి పడవలు తిరుగుతాయి.

మచిలీపట్నంతో ముడిపడ్డ ఊరు

బ్రిటనీలో తెలుగు పిల్లలు తప్పక చూడాల్సిన ఊరు ఇంకోటుంది. దాని పేరు లోరియాన్. ‘తూర్పు’ అని అర్థం. 1664లో ఏర్పడ్డ ఫ్రెంచి ఈస్టిండియా కంపెనీ ఓడలు కట్టడానికని 1666లో వెలసిన రేవు అది. తూర్పంటే వాళ్లకు మన తీరమే. 1669లో గోల్కొండ సుల్తాను అనుమతితో మచిలీపట్నంలో ఆ కంపెనీ వర్తకస్థానం పెట్టింది. తర్వాత గోదావరి ఒడ్డున యానాం చేరింది, 1954 దాకా అక్కడ ఫ్రెంచి పాలన నడిచింది. లోరియాన్ పక్కనే పోర్-లూయీ కోటలో కంపెనీ మ్యూజియం ఉంది. అందులో మన కోరమండల్ తీరం నుంచి వెళ్లిన అద్దకం బట్టలున్నాయి. ఆ బట్టల మోజులో పడి తమ నేతగాళ్లు దివాళా తీస్తున్నారని 1686లో ఫ్రాన్స్ వాటిని నిషేధించింది. 1759 దాకా ఆ నిషేధం నడిచింది. అయినా దొంగచాటుగా తొడుక్కున్నారట!

బడి పిల్లలతో కలిసి వెళ్లి ఆ అద్దాల బీరువా ముందు నిలబడితే వివరించే వంతు ఎవరిదవుతుందో చెప్పక్కర్లేదు. అంతవరకూ అన్నీ అడిగి తెలుసుకున్న పిల్ల ఆ రోజు చెప్పే పిల్ల అవుతుంది.

తిరిగొచ్చేటప్పుడు

జులై మొదట్లో అదే స్టేషన్, అదే ప్లాట్‌ఫాం. సూట్‌కేసు మాత్రం మరో రెండు కిలోలు బరువెక్కి ఉంటుంది. ఇక్కడ అమ్మానాన్నలు రోజులు లెక్కపెడుతుంటారు. అక్కడ ఓ అమ్మ రాత్రి భోజనానికి బల్ల సర్దుతూ అలవాటుకొద్దీ అయిదో కంచం తీసి, మళ్లీ లోపల పెట్టేస్తుంది. పదినెలల్లో ఆ ఇల్లు ఇచ్చింది ఎంతో, పోగొట్టుకునేదీ అంతే. ఆ ఇంటివాళ్లు పైసా తీసుకోకపోవడానికి అర్థం అప్పుడు తెలుస్తుంది. దీనికి ధర కట్టడం కుదరదు మరి.

వెళ్లాలనుకుంటే..

వయసు సాధారణంగా 15 నుంచి 18 ఏళ్ల మధ్య ఉండాలి. దరఖాస్తులు దాదాపు ఏడాది ముందే మొదలుపెట్టాలి. కుటుంబానికి రాసే పరిచయలేఖ అందులో కీలకం. ఉన్నదున్నట్టు రాయాలి.

కుటుంబానికి డబ్బు కట్టక్కర్లేకపోయినా సంస్థ రుసుము, విమానం ఖర్చు, బీమా ఉంటాయి. ఉపకారవేతనాల గురించి అడిగి తెలుసుకోవాలి.

మూడు నెలలు మించి ఉండేవాళ్లకు మైనర్ విద్యార్థుల దీర్ఘకాల వీసా కావాలి.

ఆ ఏడాది చదువును ఇక్కడి బోర్డు లెక్కలోకి తీసుకుంటుందో లేదో స్కూలుతో ముందే మాట్లాడుకోవాలి. లేదంటే తిరిగొచ్చాక ఓ తరగతి మళ్లీ చదవాల్సి రావచ్చు.

ఫ్రెంచి రాకపోయినా వెళ్లొచ్చు. కానీ వెళ్లేముందు ఆరునెలలు నేర్చుకుంటే ఆ మూడు నెలల మౌనం ఎంతోకొంత తగ్గుతుంది.